పాత కారులో వేరే ఇంజిన్ అమర్చడం

అంబాసిడర్ కార్లలో దీర్ఘకాలం వాడిన 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్‌ను తీసి, డీజిల్ ఇంజిన్ బిగించడం ఒకప్పుడు మన షెడ్లలో మామూలు పని. కొందరు ఇంటి పెరట్లోనే చెయిన్ పుల్లీ కట్టి చేసుకునేవారు. బానెట్ కింద ఇంజిన్ పట్టడం పెద్ద సమస్య కాదు. చిక్కంతా గేర్ బాక్సుతో కలిసే చోట.

గేర్ బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు కొన, క్రాంక్ షాఫ్టు చివర ఉన్న చిన్న బుష్‌లో కూర్చుంటుంది. కనుక రెండు షాఫ్టుల అక్షాలు ఒకే సరళరేఖలో ఉండాలి. బెల్ హౌసింగుకు, ఇంజిన్‌కు మధ్య వేసే అడాప్టర్ ప్లేటు కొద్దిగా పక్కకు జరిగినా బుష్ అరుగుతుంది, క్లచ్ సరిగా విడవదు, గేర్లు గరగరలాడతాయి. మా కారులో జరిగింది ఇదే. మౌంటింగు రబ్బర్లు మూడుసార్లు మార్చాం. తప్పు ప్లేటులో ఉందని ఆ తరువాత గాని తెలియలేదు. డయల్ గేజితో కొలవకుండా బోల్టులు బిగించవద్దు.

పాత ఇంజిన్ నిమిషానికి 5000 చుట్లు, కొత్తది 4000 చుట్లు మాత్రమే తిరుగుతాయనుకుందాం. డిఫరెన్షియల్ నిష్పత్తి మార్చకపోతే కారు చేరగల వేగం అయిదో వంతు తగ్గుతుంది. దీనితో సర్దుకోవచ్చు. బరువుతో సర్దుకోలేం: బరువైన ఇంజిన్ వల్ల ముందరి టార్షన్ బార్లు కుంగుతాయి, బ్రేకులపై భారం పెరుగుతుంది. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే ఉన్న పాత మోడల్‌లో ఇది ప్రాణాల మీదికి రావచ్చు.

ఇంజిన్ నంబరు, ఇంధనం రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదై ఉంటాయి. వాహనంలో మార్పులను మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ నియంత్రిస్తుంది. రిజిస్టరింగ్ అధికారిని ఇంజిన్ కొనకముందే కలవండి. కొన్నాక కాదంటే అది పెరట్లోనే మిగిలిపోతుంది.