శిక్ష తీవ్రతపై అప్పీలు

రెండు వేర్వేరు ప్రశ్నలు

క్రిమినల్ కేసులో న్యాయస్థానం రెండు ప్రశ్నలకు జవాబు చెబుతుంది. ముద్దాయి నేరం చేశాడా అన్నది మొదటిది. చేశాడని తేలితే ఎంత శిక్ష విధించాలన్నది రెండోది. మొదటి జవాబును అంగీకరించి, రెండోదానిపై మాత్రమే అప్పీలు చేయవచ్చు.

నేరం ఒప్పుకుంటే ఇక అప్పీలు ఉండదని చాలామంది అనుకుంటారు. ఇది పూర్తిగా నిజం కాదు. మెజిస్ట్రేట్ కోర్టులో గాని సెషన్స్ కోర్టులో గాని నేరం ఒప్పుకున్న వ్యక్తి శిక్ష పరిమాణంపైన, చట్టబద్ధతపైన అప్పీలు చేసుకోవచ్చని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 2023లోని 416వ సెక్షన్ తెలుపుతుంది. స్వల్ప శిక్షలు పడిన చిన్న కేసులకు మాత్రం 417వ సెక్షన్ కింద అప్పీలు లేదు.

ఉదాహరణ

20 ఏళ్ల యువకుడు ఒక సైకిల్ దొంగిలించాడనుకుందాం. అది అతని మొదటి నేరం. కోర్టులో ఒప్పుకున్నాడు. మెజిస్ట్రేట్ 2 సంవత్సరాల జైలు శిక్ష విధించారు. దొంగతనానికి గరిష్ఠ శిక్ష 3 సంవత్సరాలు కాబట్టి ఇది చట్టం పరిధిలోనే ఉంది. అయినా అప్పీలుకు ఆధారం ఉండవచ్చు. ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం, 1958లోని 6వ సెక్షన్ ప్రకారం, 21 ఏళ్లు నిండనివారిని ఇటువంటి నేరానికి జైలుకు పంపితే, మందలించి గాని మంచి ప్రవర్తన హామీపై గాని ఎందుకు విడిచిపెట్టలేదో కోర్టు కారణాలు రాయాలి. తీర్పులో ఆ కారణాలు లేకపోతే అదే బలమైన అంశం. "శిక్ష ఎక్కువైంది" అంటే చాలదు. కింది కోర్టు దేనిని పరిగణించలేదో చూపాలి.

అప్పీలు విధానం

మెజిస్ట్రేట్ తీర్పుపై సెషన్స్ కోర్టుకు 30 రోజుల్లో, సెషన్స్ కోర్టు విధించిన జైలు శిక్షపై హైకోర్టుకు 60 రోజుల్లో అప్పీలు చేయాలి. ఆలస్యానికి తగిన కారణం చూపితే కోర్టు మన్నించవచ్చు. జైలులో ఉన్నవారు జైలు అధికారి ద్వారా అప్పీలు పంపవచ్చు. వారికి ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు కూడా ఉంది. అప్పీలు తేలేలోగా శిక్ష అమలును నిలిపి, బెయిలుపై విడుదల చేయమని కోరవచ్చు.

పరిమితులు

ముద్దాయి వేసుకున్న అప్పీలులో శిక్షను పెంచరాదు. శిక్ష చాలదనుకుంటే ప్రభుత్వం విడిగా అప్పీలు చేయాలి. చట్టం కనీస శిక్షను నిర్ణయించిన నేరాల్లో సాధారణంగా దానికంటే తగ్గించడం కుదరదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నేరం ఒప్పుకున్న వ్యక్తి ఏ అంశాలపై అప్పీలు చేయవచ్చు?
2. పై ఉదాహరణలో యువకుడి వయస్సు 23 అయితే అప్పీలు ఆధారం ఎలా మారుతుంది?