దీర్ఘమైన వీడియో ఆటలును, వానికి మార్కులు వేయు విమర్శకులును

గడచిన సంవత్సరమున నొక మధ్యాహ్నము విరామకాలమందు మా పదవ తరగతి బాలుడొకడు మమ్ము సమీపించి, "మాస్టరుగారూ, ఒక ఆటకు విమర్శకులందఱును 10కి 9 మార్కులిచ్చినారండి. సెలవులలో నేను 40 గంటలాడితిని. మొదట బాగుండెను, తరువాత విసుగు పుట్టినది. వారు తుదివరకు ఆడియుందురా?" అని యడిగెను. మేము ఈ ఆటల నెఱుగనివారము. అయినను మార్కులు వేయుటయే వృత్తిగా గలవారము గనుక ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. విచారించి తెలిసికొన్న సంగతులను ఇచ్చట వ్రాయుచున్నాము.

వీడియో ఆటలలో రోల్ ప్లేయింగ్ ఆటలనునవి యొక తెగ. ఆడువాడు కథలో నొక పాత్రను ధరించి, ఊరూర దిరిగి, తోడివారిని జేర్చుకొని, పోరాడి, తానెంచుకొన్న మార్గమున కథను నడుపును. సినిమా రెండు మూడు గంటలలో ముగియును. జపాను దేశమున 2016లో వెలువడిన పెర్సోనా 5 అను ఆటను ముగించుటకు సుమారు 100 గంటలు పట్టును. దినమున కొక గంట చొప్పున ఆడు బాలునికి అది మూడు నెలల పని. విమర్శకునికో, ఆట ప్రతి తఱచుగా విడుదలకు కొలదిదినముల ముందు మాత్రమే చేరును. ఫలానా దినమున ఫలానా గంటకు ముందు సమీక్ష ప్రకటింపరాదని కంపెనీవారు నియమము పెట్టుదురు. ఆ గంటకే ప్రకటించిన పత్రికను జనులు చదువుదురు. వారము దినములు జాగుచేసిన పత్రికను చదువువారు తక్కువ. కావున నతడు రాత్రింబగళ్లు ఆడి వ్రాయవలెను. మూడు నెలలు మెల్లగా భుజింపదగినదానిని ఐదు దినములలో మ్రింగినవానికి రుచి యెట్లు తెలియును? మంచి యాటయు బరువుగా తోచవచ్చును. లేదా తొలిభాగపు తళుకే మనస్సున నిలిచి, తుదిభాగపు లోపము కానరాకపోవచ్చును. మా విద్యార్థి సందేహము ఈ రెండవదే.

బెల్జియము దేశపు లారియన్ కంపెనీవారి బాల్డర్స్ గేట్ 3 అను ఆట 2023 ఆగస్టు 3వ తేదీని కంప్యూటరులకు వెలువడెను. ప్రతులు ఆలస్యముగా చేరుటచే విమర్శకులు పలువురు, తమ సమీక్ష యింకను పూర్తికాలేదని చెప్పి, మార్కులను నిలిపివేసిరి. ఆట గొప్పదేయని పేరు వచ్చెను. కాని మూడవ అంకమున అది నెమ్మదించుటయు, అచ్చటచ్చట తప్పులు కనబడుటయు అంతదూరము పోయినవారికే తెలిసెను. అట్లు మార్కులు నిలిపినవారిని మేము మెచ్చుకొనుచున్నాము.

అందఱు నట్లు చేయరు. 2009లో గ్రీసు దేశీయులు తయారుచేసిన డార్క్‌ఫాల్ అను ఆటకు బ్రిటిషు పత్రికయగు యూరోగేమర్ 10కి 2 మార్కులిచ్చెను. అది అనేకులు కలిసి నెలలతరబడి ఆడునట్టిది. విమర్శకుడు ఆడినది సుమారు రెండు గంటలేయని తయారుచేసినవారు తమ లెక్కలు చూపి ఆక్షేపించిరి, అతడు కాదనెను. సంపాదకులు మఱియొకరిచే మరల వ్రాయింపగా 4 మార్కులు వచ్చెను. ఇది చదివినప్పుడు మాకొక పాత సంగతి జ్ఞప్తికి వచ్చి సిగ్గు కలిగెను. ఒక అర్ధసంవత్సర పరీక్షలో దీర్ఘమైన వ్యాసమొకదానిని మొదటి పుట మాత్రమే చదివి, 20కి 9 మార్కులు వేసితిమి. ఆ బాలుడు మూడవ పుట తెఱచి మా యెదుట నుంచెను. మరల చదివి 13 వేసితిమి.

కొన్నిచోట్ల తప్పు విమర్శకునిది కాదు. పోలండు దేశమున తయారైన సైబర్‌పంక్ 2077 యను ఆట 2020 డిసెంబరు 10వ తేదీని వెలువడుటకు ముందు, విమర్శకులకు కంప్యూటరు ప్రతులు మాత్రమే యియ్యబడెను. వారు మెచ్చుకొనిరి. ప్లేస్టేషన్ 4 వంటి పాత యంత్రములమీద దానిని కొన్నవారికి ఆట మాటిమాటికి నిలిచిపోయెను. వారము దినములకే సోనీ కంపెనీ దానిని తన దుకాణమునుండి తొలగించెను. 2021 జూను మాసమున గాని తిరిగి చేర్చలేదు.

అట్లని ప్రతివాడును తుదివరకు ఆడియే తీర్పు చెప్పవలెనందుమా? 2009లో జపానున వెలువడిన ఫైనల్ ఫ్యాంటసీ 13లో ఇరువది గంటల ప్రాంతమువరకు దారి యిరుకైన సందువలె నుండి, ఆ పిమ్మటనే విశాలమైన మైదానము వచ్చును. తరువాత బాగుండునని మెచ్చువారందురు. మా మట్టుకు, ఇరువది గంటలు విసుగు పుట్టినదని చెప్పు హక్కు విమర్శకునికి కలదు. అచ్చటనే ఆపితినని కూడ నతడు చెప్పవలెను.

ఇది మాటలతో పోవు వ్యవహారము కాదు. మెటాక్రిటిక్ అను సంస్థ విమర్శకుల మార్కులను చేర్చి సగటు కట్టును. 2010లో అమెరికాలోని అబ్సిడియన్ కంపెనీవారు తయారుచేసిన ఫాలవుట్: న్యూ వేగస్ అను ఆటకు సగటు 85 వచ్చిన, వారికి అదనపు సొమ్ము చేరవలసియుండెను. వచ్చినది 84. సొమ్ము రాలేదు. ఈ సంగతిని 2012లో ఆ కంపెనీ స్థాపకులలో నొకరు బయలుపఱచిరి. ఆట తప్పులతో వెలువడినమాట నిజమే. మార్కులు తగ్గించినవారు అన్యాయము చేసిరని మేమనము. కాని ఆ యొక్క మార్కు తొందరలో పోయినదో, తూచి తీసినదో యెవరు చెప్పగలరు?

మా విద్యార్థిని పిలిచి, "నాయనా, విమర్శకుడు ఎన్నిగంటలాడెను, ముగించెనా, ఏ యంత్రముమీద ఆడెను, ఈ మూడును సమీక్షలో వెదకుము, మార్కు తరువాత చూడుము" అని చెప్పితిమి. మఱునాడతడు తానాడిన ఆటకు సంబంధించిన నాలుగు సమీక్షలు చదివివచ్చెను. గంటల లెక్క చెప్పినది ఒక్కటే. ఆ యొక్కడు 40 గంటలు దాటిన పిమ్మట విసుగు పుట్టునని వ్రాసి, 7 మార్కులు వేసియుండెను.