ఒకే ఒరలో నాలుగు కత్తులు!

గుప్పిట్లో పట్టే పిల్లలుగా ఇంటికొస్తాయి. ఏడాది తిరిగేసరికి తోటి చేపను బతకనివ్వని మొండిఘటాలవుతాయి. పెద్దజాతి సిక్లిడ్లను ఒకే అక్వేరియంలో కలిపి పెంచడం అసలు కుదిరే పనేనా?

హైదరాబాదు వెళ్లి వస్తున్న ఏ నర్మెట్ట కుటుంబమో దారిలో రంగుచేపల దుకాణం దగ్గర ఆగిందనుకోండి. అద్దాల వెనక నల్లటి ఒంటి మీద నిప్పురంగు మచ్చలతో ఆస్కార్ పిల్లలు. పక్కనే నుదుటి మీద బొడిపెతో ఫ్లవర్‌హార్న్. 'వేలు చూపిస్తే దగ్గరికొస్తుంది సార్' అంటాడు దుకాణదారు. నిజమే, వస్తుంది. ఇక పిల్లలు ఊరుకుంటారా? రెండేసి అంగుళాలున్నవి నాలుగు కొని, నీళ్లతో సహా సంచిలో కట్టించుకుని, జనగామ మీదుగా ఇల్లు చేరి రెండడుగుల తొట్టిలో వదులుతారు. మూడు నెలలు పండగే పండగ. ఆరో నెలలో ఓ పొద్దున చూస్తే ఒకటి తోక చినిగి, పైన ఓ మూలకు నక్కి ఉంటుంది. మర్నాటికి వెల్లకిలా తేలుతుంది.

చేపల్ని తిట్టి లాభం లేదు. పొరపాటు తొట్టి కొన్న రోజే జరిగిపోయింది.

ఆస్కార్ అమెజాన్ నదీ ప్రాంతపు చేప. అడుగు పొడవు పెరుగుతుంది, పదేళ్లకు పైగా బతుకుతుంది. జాగ్వార్, రెడ్ డెవిల్ మధ్య అమెరికా నుంచి వచ్చాయి. జాగ్వారైతే అడుగున్నర దాకా సాగగలదు. జాక్ డెంప్సే అనే మరో చేపకు ఆ పేరు ఊరికే రాలేదు. 1919 నుంచి 1926 దాకా ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్‌గా వెలిగిన అమెరికా బాక్సర్ పేరది! ఇక 2000ల్లో 'వాస్తు చేప' అంటూ మన నగరాల్లో వేలు పోసి కొన్న ఫ్లవర్‌హార్న్ ప్రకృతిలో పుట్టిందే కాదు. మధ్య అమెరికా సిక్లిడ్లను సంకరం చేసి 1990ల్లో మలేసియాలో తయారుచేశారు. అదృష్టం సంగతేమో గానీ, కోపంలో మాత్రం తాతముత్తాతలందరి వాటా తెచ్చుకుంది.

కోపం ఎందుకంటే...

సిక్లిడ్లలో 1,600కు పైగా జాతులున్నాయి. పిల్లల్ని కనిపెట్టుకుని ఉండటం ఈ కుటుంబ లక్షణం. చాలా చేపలు గుడ్లు పెట్టి తమ దారిన తాము పోతాయి. వీటిలో చాలా జాతులు రాయిని శుభ్రం చేసి గుడ్లు పెడతాయి, రెక్కలతో నీళ్లు విసురుతాయి, పిల్లలు ఈదడం మొదలెట్టాక కూడా వెంటే తిరుగుతాయి. చెరువు చేపల సంగతి తెలిసిన నర్మెట్ట వాళ్లకు ఇది వింతేం కాదు. కొర్రమట్ట సిక్లిడ్ కాకపోయినా అదీ ఇంతే. పిల్లలు ఎర్రటి గుంపుగా నీటి మీదికి వస్తుంటే అడుగున పెద్దది కాపలా కాస్తుంది.

కాపలాకు జాగా కావాలి, జాగాకు హద్దు కావాలి. హద్దు దాటితే కొట్లాట. నదిలోనైతే ఓడిన చేప నాలుగు బారలు పారిపోతుంది, గొడవ అంతటితో సరి. తొట్టిలో ఎక్కడికి పోతుంది? గెలిచినదాని కళ్లకు శత్రువు ఇంకా ఎదుటే ఉంటాడు. మళ్లీ కొడుతుంది.

నోబెల్ గ్రహీత, ఆస్ట్రియా శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్ జంతువుల దూకుడు మీద 1963లో రాసిన పుస్తకంలో ఓ తమాషా సంగతి ఉంది. సిక్లిడ్ జంటను వేరుగా ఉంచితే, పోట్లాటకు ఎవరూ దొరక్క మగచేప ఆడదాని మీదే విరుచుకుపడుతుంది. తొట్టి మధ్యలో అద్దం అడ్డుపెట్టి అవతల మరో జంటను ఉంచారనుకోండి... కసి అంతా అద్దం మీద తీర్చుకుని ఇంట్లో బుద్ధిగా ఉంటుంది. అద్దానికి నాచు పట్టి పక్కవాడు కనిపించకపోతే మళ్లీ మొదటికే! లోరెంజ్ సిద్ధాంతాలను తరవాతివాళ్లు చాలా ప్రశ్నించారు గానీ, అద్దం అడ్డుపెట్టే ఉపాయాన్ని చేపల పెంపకందార్లు మాత్రం వదల్లేదు.

హద్దురాళ్లు పీకేయాలి

కలిపే పెంచాలంటే ముందు చూడాల్సింది కొలత. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న తొట్టిలో సుమారు 680 లీటర్లు పడతాయి. అంటే నీళ్ల బరువే ఏడు క్వింటాళ్లకు దగ్గర. టీవీ బల్ల మీద పెట్టే వస్తువు కాదది, గట్టి నేల మీద ఇనుప స్టాండు ఉండాల్సిందే. అంత తొట్టిలోనూ పెద్ద సిక్లిడ్లు నాలుగుకు మించి ఆశపడకూడదు. నాలుగడుగుల తొట్టి ఒక్క ఆస్కార్‌కే సరి.

అన్నింటినీ పిల్లలుగా ఉన్నప్పుడే, ఒకే సైజువి, ఒకేసారి వదలడం మేలు. ఎవరు పెద్దో ఎవరు చిన్నో కలిసి పెరుగుతూ తేల్చుకుంటాయి. విడివిడిగా తెస్తే అన్నిటికన్నా దుడుకుదాన్ని ఆఖరున వదలాలి. ఒకే రంగు, ఒకే రూపం ఉన్నవాటిని కలపకూడదు. తనలాంటి చేప కనిపిస్తేనే సిక్లిడ్‌కు ఒళ్లు మండేది ఎక్కువ. ఆడచేపలు లేకపోతే మరీ మంచిది. ఒక్క జంట కుదిరిందంటే సగం తొట్టి దానిదే, మిగతావన్నీ ఓ మూల బిక్కుబిక్కుమంటూ ఉండాలి. ఒకదాన్నొకటి అస్తమానం చూసుకోకుండా మధ్యలో రాళ్లు, చెట్టు మొద్దులు, పగిలిన కుండలు పెట్టాలి. కొత్త చేపను తెచ్చినప్పుడు ఆ రాళ్ల అమరిక మొత్తం మార్చేసి, దీపం ఆర్పి వదలాలి. పొలంలో హద్దురాళ్లు పీకేసినట్టే... పాత చేపకు తన జాగా ఎక్కడిదాకానో తెలియక కాసేపు తగ్గుతుంది.

మొప్పలు విప్పడం, మూతులు కరచుకుని లాక్కోవడం బలపరీక్షలు. వాటికి గాభరా పడనక్కర్లేదు. ఓడిన చేప తిండి మానేసి పైమూలకు చేరిందంటే మాత్రం ఆ పూటే విడదీయాలి. అందుకే జాలీ అడ్డమో, ఖాళీ తొట్టో ముందే సిద్ధంగా ఉండాలి. ఇన్ని చేసినా ఫ్లవర్‌హార్న్ విషయంలో నమ్మకం పెట్టుకోలేం. దాన్ని ఒంటరిగా ఉంచడమే దానికీ మంచిది, పక్కవాటికీ మంచిది.

నీళ్ల చాకిరీ తక్కువేం కాదు. పెద్దచేప తిండి పెద్దది, విసర్జన పెద్దది. దాన్నుంచి పుట్టే అమ్మోనియా విషం. ఫిల్టర్‌లో పెరిగే మేలుచేసే బ్యాక్టీరియా దాన్ని విరగ్గొడుతుంది. అయినా వారానికో పావు వంతు నీళ్లు మార్చాల్సిందే. 680 లీటర్ల తొట్టికి పదికి పైగా బిందెలన్నమాట. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి ఓ రోజు తెరిచి ఉంచో, దుకాణాల్లో దొరికే మందు కలిపో పోయాలి. బోరు నీళ్లలో సున్నం కాస్త ఎక్కువున్నా మధ్య అమెరికా చేపలకు ఇబ్బంది లేదు. అసలు గండం వేసవి. నీళ్లు వేడెక్కేకొద్దీ ప్రాణవాయువు తగ్గుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయి ఫిల్టర్ ఆగితే ముందుగా పోయేది పెద్దచేపే. బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు ఇంట్లో ఉండాలి.

అంతా విసుగెత్తి 'పోనీ, చెరువులో వదిలేద్దాం' అనిపిస్తుంది చూడండి... అక్కడే ఆగాలి. సింగపూర్ జలాశయాల్లో ఫ్లవర్‌హార్న్‌లు అలా చేరినవే. మనకూ ఆ పాఠం ఉంది. ఆఫ్రికా సిక్లిడ్ తిలాపియాను మన దేశానికి 1952లో తెచ్చారు. విపరీతంగా పిల్లలు పెట్టి చెరువుల్లో మిగతా చేపల తిండి లాగేసుకుంటోందని 1959లో దాని పెంపకంపై ఆంక్ష పెట్టారు. అప్పటికే ఆలస్యమైంది. బొచ్చె, రోహు పిల్లలు పోసుకుని, ఆ చేపల మీదే ఆధారపడే మత్స్యకారుల చెరువులోకి అలాంటి మరో అతిథి ఎందుకు?

పెరిగిన చేపను తిరిగి తీసుకునే దుకాణాలు కొన్ని ఉంటాయి. తీసుకుంటారో లేదో రెండంగుళాల పిల్లను కొనేటప్పుడే అడగాలి.