అమ్మాయి క్యాంపుకు వెళ్తానంటోందా?

బడి నుంచి రాగానే అమ్మాయి ఒక కాగితం మీ చేతిలో పెట్టింది. ఎన్‌సీసీ శిబిరం, పది రోజులు. కింద తల్లిదండ్రుల సంతకానికి చోటు. నాన్న ‘చూద్దాంలే’ అన్నారు. నానమ్మ ‘ఆడపిల్లను అన్ని రాత్రులు బయట ఉంచుతారా?’ అంది. మీకేమో పంపాలనే ఉంది, భయమూ ఉంది. చందూర్, వర్ణి, బోధన్ వైపు నుంచి ఆటల శిబిరానికో, వేసవి క్యాంపుకో, హాస్టల్‌కో అమ్మాయిని పంపే ప్రతి ఇంట్లోనూ జరిగే చర్చే ఇది.

భయపడటం తప్పేమీ కాదు. కానీ భయంతో ‘వద్దు’ అనేయడం, మొహమాటంతో ఏమీ అడగకుండా సంతకం పెట్టేయడం రెండూ సరికాదు. మన జిల్లా అమ్మాయినే తీసుకోండి. సిరికొండ మండలం పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ వ్యవసాయ కూలీల బిడ్డ. తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంటూ, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. అయితే ఆమె ఇంటి నుంచి నేరుగా ఎవరెస్ట్‌కు వెళ్లలేదు. ముందు హాస్టల్ జీవితం, తర్వాత భువనగిరి కొండపై శిక్షణ, ఆపైన డార్జిలింగ్, లద్దాఖ్... ఇలా ఒక్కో మెట్టూ ఎక్కింది. మీ అమ్మాయి విషయంలోనూ అంతే. మొదటిసారే పది రోజులు కాకుండా, ముందు అమ్మమ్మ ఇంట్లోనో పిన్ని దగ్గరో మీరు లేకుండా రెండు రాత్రులు ఉండనివ్వండి. తన దుస్తులు తాను ఉతుక్కోవడం, పక్క సర్దుకోవడం, టైముకు మందు వేసుకోవడం ఇంట్లోనే అలవాటు చేయండి.

నిర్వాహకులను ఇవి అడగండి

రాత్రిపూట అమ్మాయిల గదుల దగ్గర మహిళా సిబ్బంది ఉంటారా? బాత్రూమ్ తలుపులకు లోపలి గడియ ఉందా? అక్కడికి వెళ్లే దారిలో లైట్లున్నాయా? తాగునీరు ఎక్కడిది? దగ్గర్లోని ఆసుపత్రి ఏది, రాత్రి వేళ తీసుకెళ్లడానికి బండి సిద్ధంగా ఉంటుందా? ఫోన్ ఎప్పుడు మాట్లాడనిస్తారు? జ్వరమొస్తే మీకు ఎంతసేపట్లో చెబుతారు? ఇవి అడిగితే ఏమనుకుంటారోనని వెనకాడొద్దు. సరిగ్గా నడిపేవాళ్లు విసుక్కోరు. ‘అన్నీ మేం చూసుకుంటాం’ అని దాటేస్తే మాత్రం ఆలోచించాల్సిందే.

నెలసరి గురించి ముందే చెప్పండి

పదేళ్లు దాటిన అమ్మాయికి ఇంకా నెలసరి మొదలుకాకపోయినా సంచిలో ప్యాడ్లు పెట్టండి. ఎలా వాడాలో, కాగితంలో చుట్టి ఎక్కడ పడేయాలో చూపించండి. మొదటిసారి శిబిరంలోనే కనిపిస్తే అది జబ్బు కాదనీ, మేడమ్‌కు చెప్పడానికి సిగ్గు పడక్కర్లేదనీ తెలిసి ఉండాలి. ప్యాడ్‌ను నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చుకోవాలి. ముదురు రంగు దుస్తులు, లోదుస్తులు రెండు జతలు అదనంగా ఉంచండి.

‘క్యాంపులో ఇబ్బంది ఎందుకు’ అని మెడికల్ షాపులో వాయిదా మాత్రలు కొని ఇచ్చేవాళ్లున్నారు. ఇది మంచిది కాదు. అవి హార్మోన్ మాత్రలు. డాక్టర్ చూడకుండా వేయకూడదు. పైగా నెలసరి మొదలైన తొలి ఒకటి రెండేళ్లలో తేదీలు ముందూ వెనకా అవుతుంటాయి. కాబట్టి మాత్ర ఎప్పుడు మొదలుపెట్టాలో లెక్క కుదరదు కూడా. నొప్పి ఎక్కువగా ఉండే పిల్లలైతే ఏ మాత్ర ఎంత వేసుకోవాలో డాక్టర్‌తో రాయించుకోండి.

నీళ్లు తాగడం మానేస్తారు, జాగ్రత్త

మరుగుదొడ్డి బాగా లేదనో, లైన్ ఉందనో ఆడపిల్లలు నీళ్లు తాగడం తగ్గించేస్తారు. మూత్రం గంటల తరబడి ఆపుకుంటారు. దీంతో మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది. మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, పొత్తికడుపులో నొప్పి దీని లక్షణాలు. జ్వరం, చలి, నడుము పక్కన నొప్పి కూడా తోడైతే అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. ‘మూత్రం లేత రంగులో ఉంటే నువ్వు తాగే నీళ్లు సరిపోతున్నట్టు’ అని అమ్మాయికి సులువైన గుర్తు చెప్పండి.

వేసవి శిబిరమైతే ఎండ సంగతీ చూసుకోవాలి. మన వైపు మే నెల ఎండ ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగైదు ఇచ్చి పంపండి. లీటరు నీటికి కలిపే ప్యాకెట్‌ను లీటరులోనే కలపాలని, గ్లాసులో కొంచెం కొంచెం వేసుకోకూడదని చెప్పండి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడినా, స్పృహ తప్పుతున్నా అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ 108కి ఫోన్ చేయాలి.

ఏదీ దాచొద్దు

ఫిట్స్, ఆయాసం, అలర్జీ, నిద్రలో నడవడం, పక్క తడపడం... ‘చెబితే తీసుకోరేమో’ అని చాలామంది ఫారంలో రాయరు. ఆ ఖాళీ గడే రాత్రి రెండింటికి ప్రాణం మీదికి తెస్తుంది. ఫిట్స్ మందు ఒక్క రోజు మానినా మళ్లీ ఫిట్స్ రావచ్చు. ఆయాసం ఉన్న పిల్లల ఇన్‌హేలర్ ఆఫీసు గది బీరువాలో కాదు, వాళ్ల దగ్గరే ఉండాలి. మందుల చీటీ జిరాక్సు, రెండు ఫోన్ నంబర్లు సంచిలో పెట్టండి. 10, 16 ఏళ్లకు ఇచ్చే టీడీ టీకా అయిందో లేదో చూసుకోండి.

ఈ మాట తప్పకుండా చెప్పండి

చాలా ఇళ్లలో గొంతు దాటని మాట ఇది. ‘నీ ఒంటిని ఎవరైనా నీకు నచ్చని విధంగా తాకినా, ఫొటో తీసినా, ఒంటరిగా రమ్మన్నా, ఇంట్లో చెప్పొద్దని అన్నా నాకు చెప్పు. వాళ్లు సార్ అయినా, అక్క అయినా, తోటి పిల్లలైనా సరే. తప్పు నీది కాదు. నేను నిన్ను తిట్టను.’ ఈ నాలుగు మాటలూ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పండి. ఫోన్‌లో పక్కన ఎవరైనా ఉంటే అమ్మాయి విడమరిచి చెప్పలేదు. అందుకే ఇద్దరికీ మాత్రమే తెలిసిన ఒక మాట ముందే అనుకోండి. ‘కుక్కపిల్ల ఎట్లుంది?’ అని అడిగితే, ‘అమ్మా, వచ్చి తీసుకెళ్లు’ అని అర్థం. చైల్డ్‌లైన్ 1098, అత్యవసర నంబర్ 112 నోటికి వచ్చేలా నేర్పండి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు ఫిర్యాదు చేసి తీరాలి. పరువు పేరుతో కప్పిపుచ్చడానికి ఎవరికీ హక్కు లేదు.

బెంగ పెట్టుకుంటే

మొదటి రెండు మూడు రోజులు ఏడుపు రావడం సహజం. ‘నచ్చకపోతే వెంటనే వచ్చి తీసుకొస్తా’ అని ముందే మాటివ్వకండి. అలా అంటే ఆమె ఉండలేదని మీరే నమ్ముతున్నట్టు అవుతుంది. ఫోన్‌లో మీరు ఏడవకండి. ‘ఈరోజు ఎవరితో కూర్చుని తిన్నావు?’ అని అడగండి. కానీ తిండి, నిద్ర పూర్తిగా మానేసినా, ఒక మనిషి పేరు చెప్పి భయపడుతున్నా, మీ గుర్తుమాట పలికినా అది బెంగ కాదు. అప్పుడు ఆలోచించకుండా బయలుదేరండి.

తిరిగొచ్చిన రోజు ప్రశ్నల వర్షం కురిపించకండి. తల చూసి పేలుంటే తీసేయండి, కడుపునిండా పెట్టి పడుకోనివ్వండి. మాటలు వాటంతటవే వస్తాయి. వారం దాటినా ముభావంగా ఉంటే, ఒంటరిగా పడుకోవడానికి భయపడుతుంటే మెల్లగా అడగండి, అవసరమైతే డాక్టర్‌ను కలవండి. అంతా బాగుంటే, మరో కాగితం తెచ్చినప్పుడు ఈసారి నానమ్మకు జవాబు మీరు కాదు, అమ్మాయే చెబుతుంది.