జొన్న రొట్టె, క్రీడాకారుల ఆహారం: పోషకాహార శాస్త్రం చెప్పిన మాటలు

కర్నూలు జిల్లా పడమటి ప్రాంతమైన ఆదోని, ఎమ్మిగనూరు పరిసర గ్రామాలలో జొన్న రొట్టె, సంగటి, కొర్ర అన్నం ఒకప్పుడు నిత్యాహారం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం మొదలైన తరువాత వరి అన్నం పేద కుటుంబాలకూ చేరువైంది. నల్లరేగడి భూములలో పత్తి విస్తరించడంతో జొన్న విస్తీర్ణం కుదించుకుపోయింది. ఇప్పుడు అదే జొన్నను ఆరోగ్యానికి, దేహదారుఢ్యానికి శ్రేష్ఠమైన ధాన్యంగా ప్రచారం చేస్తున్నారు. ఈ ప్రచారాన్ని విస్తరణ శాస్త్రవేత్తలు యథాతథంగా స్వీకరించడం మంచిది కాదు.

ధాన్యాన్ని బట్టి మనిషి బలాన్ని అంచనా వేసే అలవాటు పాతదే. 1920లలో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ భారతదేశంలోని వివిధ ప్రాంతాల ఆహారాలను ఎలుకలకు పెట్టి పరీక్షించాడు. ఉత్తరాది గోధుమ ఆహారం తిన్నవి బాగా ఎదిగాయి, మద్రాసు వరి ఆహారం తిన్నవి వెనుకబడ్డాయి. గోధుమ గొప్పదన్న అభిప్రాయం దీనితో బలపడింది. అయితే ఆ ఆహారంలో గోధుమతో పాటు పాలు, కూరగాయలు కూడా ఉన్నాయి.

జొన్న విషయంలో శాస్త్రం మొదట హెచ్చరించింది. దక్కను పీఠభూమిలో జొన్నే ప్రధానాహారంగా గల పేదలలో పెల్లాగ్రా వ్యాధి కనిపించేది. జొన్నలో అధికంగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం శరీరంలో నియాసిన్ వినియోగాన్ని దెబ్బతీస్తుందని సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకంఠయ్య 1960లో ప్రతిపాదించారు. ఆ పరికల్పనపై తరువాత భిన్నాభిప్రాయాలు వచ్చాయి. ఏమైనా, వైవిధ్యం లేని పేద భోజనంలోనే ఈ వ్యాధి తలెత్తిందన్నది గమనార్హం. కేంద్ర ప్రభుత్వం 2018లో జొన్నను పోషక ధాన్యాల జాబితాలో చేర్చింది. 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిగింది.

జొన్న పట్ల నేటి ఆదరణకు ముఖ్య ఆధారం పీచు. వంద గ్రాముల జొన్నలో సుమారు 10 గ్రాముల పీచు, 10 గ్రాముల మాంసకృత్తులు, 4 మిల్లీగ్రాముల ఇనుము ఉంటాయి. పీచు వల్ల జీర్ణక్రియ నెమ్మదిస్తుంది, ఇది మధుమేహ రోగికి మేలు. కబడ్డీ ఆడే విద్యార్థిని అవసరం వేరు. పోటీకి రెండు మూడు గంటల ముందు పీచు ఎక్కువైన భోజనం కడుపులో బరువుగా ఉంటుంది, అప్పుడు తెల్లన్నమే అనువైనది. వెంటనే మరో ఆట ఉంటే, కండరాలలో తరిగిన గ్లైకోజన్ త్వరగా నిండడానికి కూడా సులభంగా జీర్ణమయ్యే పిండిపదార్థమే ఉపయోగపడుతుంది. జొన్న రొట్టెకు తగిన వేళ సాధన ముగిసిన తరువాతి రాత్రి భోజనం.

మాంసకృత్తుల లెక్క మరింత జాగ్రత్తగా చూడవలసినది. సాధారణ వయోజనులకు కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాములు సరిపోగా, క్రీడాకారులకు 1.2 నుంచి 2 గ్రాముల వరకు అవసరం. యాభై ఐదు కిలోల క్రీడాకారిణికి కనీసం 66 గ్రాములన్నమాట. మూడు వందల గ్రాముల జొన్న పిండి 30 గ్రాములే ఇస్తుంది, అందులోనూ లైసిన్ తక్కువ. పైగా నీటిలో ఉడికినప్పుడు జొన్నలోని కాఫిరిన్ మాంసకృత్తులు ఒకదానితో ఒకటి ముడిపడి జీర్ణరసాలకు సులువుగా లొంగవు. ఈ ప్రాంతంలో రొట్టెకు తోడుగా తినే వేరుశనగ కారం శక్తిని, నియాసిన్‌ను సమృద్ధిగా ఇస్తుంది. కానీ వేరుశనగలోనూ లైసిన్ తక్కువే కాబట్టి ఆ లోటును అది పూడ్చలేదు. కంది, పెసర, అలసంద, పాలు, గుడ్డు పూడ్చగలవు. అరవై గ్రాముల కందిపప్పు, అర లీటరు పాలు, ఒక గుడ్డు కలిస్తే మరో 35 గ్రాములు సమకూరుతాయి. రొట్టెతో పుంటికూర పప్పు తినే పాత అలవాటు ఇందుకు బాగా సరిపోతుంది.

ఇనుము విషయంలోనూ అంకెను చూసి తృప్తి పడరాదు. జొన్నలోని ఫైటేట్లు ఇనుమును పట్టి ఉంచుతాయి. భోజనంలో నిమ్మరసం ఉంటే శోషణ పెరుగుతుంది, వెంటనే టీ తాగితే తగ్గుతుంది. రక్తహీనత గల బాలిక త్వరగా అలసిపోవడాన్ని సాధన లోపంగా భావించే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి.

పాలు, గుడ్డు కొనగలిగే స్తోమత ఇక్కడ అన్ని ఇళ్లకూ లేదు. పనులు లేని నెలల్లో అనేక కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు వలస వెళతాయి. తల్లిదండ్రుల వెంట వెళ్లిన విద్యార్థికి ఆ రోజులలో బడి మైదానంతో పాటు మధ్యాహ్న భోజనంలోని గుడ్డు కూడా దూరమవుతుంది.