ఇంటి ముంగిట కారు చక్రముల సవరణ

క్రిందటి వర్షాకాలమున మేము మా పాత మారుతి 800లో హార్సిలీ కొండకు పోవ సంకల్పించి, ముందునాటి సాయంత్రము టైర్లకు గాలి చూచుచుండగా ఒక సంగతి బయటపడినది. ముందు టైర్లు రెండును బయటి వైపు నుండి చూచినచో బాగుగనే యున్నవి. లోపలి అంచున చేయి పెట్టగా రబ్బరు పూర్తిగా అరిగి దారములు వ్రేళ్లకు తగిలినవి! పిల్లలతో ఘాట్ రోడ్డు మలుపులు ఎక్కవలసిన బండి యది. ప్రయాణము మానుకొని టైర్లు మార్చితిమి. కారణము తొలగింపనిచో క్రొత్తవియు ఆ దారినే పోవును గదా! అలైన్‌మెంట్ యంత్రమునకు మేము తంబళ్లపల్లె నుండి మదనపల్లెకు పోవుట అలవాటు. అంతదూరము నడుపుటకైనను చక్రములను ముందుగా ఒక దారికి తేవలెను.

ఎద్దుబండి చక్రములు ఒకే ఇరుసునకు కట్టుబడి యుండును గనుక వానికీ చిక్కు లేదు. కారు ముందు చక్రములు మలుపులో వేరువేరు కోణములలో తిరుగవలెను. మ్యూనిక్ నగరమున బగ్గీలు చేయు లాంకెన్‌స్పెర్గర్ కల్పించిన ఈ ఏర్పాటునకు 1818లో అకర్‌మన్ ఇంగ్లండులో పేటెంటు పొందెను. లోకమున నిలిచినది పేటెంటు పుచ్చుకొన్నవాని పేరే!

చక్రముల ముందు అంచులు లోపలికి మొగ్గిన టో ఇన్, బయటికి మొగ్గిన టో అవుట్ అందురు. మొదటిది మితిమీరిన టైరు బయటి అంచు, రెండవది మితిమీరిన లోపలి అంచు అరుగును. ఒక్క డిగ్రీ ప్రక్కకు తిరిగిన చక్రము కిలోమీటరు దూరమున సుమారు 17 మీటర్లు ప్రక్కకు ఈడ్వబడును. రబ్బరు నిలుచుట యెట్లు?

బండిని చదునైన నేలపై నిలిపి, గాలి సరిచూచి, స్టీరింగును నిటారుగా నుంచవలెను. చక్రమును పట్టి ఊపినచో కదలిక యున్న యెడల జాయింట్లు, బేరింగులు మార్చక ముందు సవరణ వ్యర్థము. తరువాత నాలుగు పీటలపై, చక్రముల నడిమి ఎత్తున, బండికి ఇరుప్రక్కల మేస్త్రీ దారము బిగించవలెను. రెండు దారముల నడుమ ఎడము ముందు వెనుకల సమానముగా నుండవలెను. ముందు చక్రముల కేంద్రములకు దారము ఎడమ, కుడి వైపుల సమదూరమున నుండవలెను. వెనుక చక్రములకును అట్లే. ఇందులో ఓపిక తగ్గిన తక్కినదంతయు తప్పే.

అటుపిమ్మట దారము నుండి రిమ్ము ముందు అంచునకు, వెనుక అంచునకు గల దూరములను కొలువవలెను. ముందు దూరము ఎక్కువైన టో ఇన్. తక్కువైన టో అవుట్. రిమ్ము వంకరపోయి యుండవచ్చును గనుక బండిని అర చుట్టు దొర్లించి మరల కొలుచుట మేలు. మా బండికి ఒక్కొక్క వైపున 4 మిల్లీమీటర్ల టో అవుట్ కనిపించినది. ఎంత యుండవలెనో బండి పుస్తకమున చూడవలెను.

స్టీరింగును పూర్తిగా ప్రక్కకు త్రిప్పిన టై రాడ్డు చేతికి అందును; జాకీని నమ్మి బండి క్రింద దూరరాదు. లాక్ నట్టు వదులు చేసి, రెండు ప్రక్కల సమానముగా పావు చుట్టు చొప్పున త్రిప్పి, స్టీరింగు నిటారు చేసి, బండిని ముందు వెనుకలకు కదిపి కొలువవలెను. చివర నట్టు బిగించుట మరువరాదు. మేము ఒకసారి మరచి మరల మొదటికి వచ్చితిమి. కేంబరు, కేస్టరు మాత్రము యంత్రమునకే వదలవలెను.

మరునాడు మదనపల్లెలో యంత్రము మా కొలతకు ఒక మిల్లీమీటరు తేడా చూపినది. మరుసటి ఆదివారము కొండకు పోయి వచ్చితిమి.