గురి తప్పిన గుండు

1907లో కుమావూఁ కొండలలో జిమ్ కార్బెట్ చంపావత్ ఆడపులిని కూల్చెను. నేపాళమునను, కుమావూఁలోను కలిపి అది 436 మందిని పొట్టన పెట్టుకొన్నదని లెక్క. దాని నోరు పరిశీలింపగా, కుడివైపు పైకోర సగమునకును, క్రిందికోర ఎముక వరకును విరిగియుండెను. అది పాత తుపాకి దెబ్బ. సహజమైన వేట సాగక ఆ పులి మనుష్యులపై బడినదని కార్బెట్ నిర్ణయించెను.

గుండు తగులుట ఒకటి, తగులవలసిన చోట తగులుట మరియొకటి. ముందుకాలి జబ్బ వెనుక, ఛాతీలో గుండెయు ఊపిరితిత్తులును ఉండును. అచ్చట తగిలినచో రక్తప్రసారము చెడి మృగము త్వరలోనే స్పృహ కోల్పోవును. కడుపున తగిలినచో గంటల తరబడి యాతనపడును.

గుండు స్వభావమును ఎరుగవలెను. మొన మెత్తని సీసపు గుండు దేహములో విచ్చుకొని పెద్ద గాయము చేయును. జింకవంటి వానికి అది తగినది. ఏనుగు కపాలమును ఛేదించుటకు విచ్చుకొనని గట్టి గుండు కావలెను.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వినోదపు వేటకు స్వస్తి చెప్పినది. వేట చెల్లుబడియగు దేశములలో, గాయపడిన మృగమును వెదకి దాని బాధను ముగించుట వేటగాని ప్రథమధర్మము. చంపావత్ పులి కోరలు విరిచినవాడు ఆ ధర్మమును నెరవేర్చలేదు. మూల్యము చెల్లించినవారు కొండ గ్రామముల జనులు.